నలభై రెండో రోజు

మొన్న కార్తీకంలో మా గురుస్వామి నాకు మాల వెయ్యనన్నాడు. గుళ్ళో పదిమంది ముందు అన్నాడు. నేను తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకొని, కొత్త నల్లపంచె కట్టుకొని, పళ్ళెంలో తులసిమాల, పూలు, కొబ్బరికాయ పెట్టుకొని వరసలో నిలబడ్డాక అన్నాడు. ముందురోజు మా షాపుకు వచ్చి చెవిలో ఒక మాట చెబితే ఆయన సొమ్మేం పోయేది కాదు. మా మండల కేంద్రంలో బస్టాండు పక్కన మిషను కుట్టుకునే మనిషాయన. నా ఒంటిమీది నల్లచొక్కా కుట్టింది కూడా ఆయనే. కొలతలు తీసుకునేటప్పుడు ఒక్క ముక్క అనలేదు.

“ఈ ఏడు నీకు లేదు. పక్కకు జరుగు,” అన్నాడు.

“ఎందుకు లేదు గురుస్వామీ?”

“నా నోటితో చెప్పించుకుంటావా?”

వరసలో ఉన్నవాళ్ళంతా నేల చూపులు చూశారు. ఒకడు మాత్రం నవ్వాడు. వాడెవడో నాకు ఇప్పటికీ గుర్తుంది. పళ్ళెం అక్కడే అరుగు మీద వదిలేసి వచ్చేశాను. మాల పడుతుందన్న ధీమాతో చెప్పులు ఇంట్లోనే వదిలి వెళ్ళాను కాబట్టి, సిమెంటు రోడ్డు మీద కంకర గుచ్చుకుంటుంటే ఇంటిదాకా ఆయన్ను తిట్టుకుంటూ నడిచాను.

తొమ్మిదేళ్ళుగా ప్రతి కార్తీకం మాల వేసుకున్నవాణ్ణి. నలభై ఒక్క రోజులు చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒంటిపూట భోజనం. కాళ్ళకు చెప్పులు లేవు, ఒంటిమీద నలుపు తప్ప ఇంకో రంగు లేదు. నీచు లేదు, చుక్క లేదు. మొదటి వారం చేతులు వణికి అన్నం ముద్ద నోటిదాకా వచ్చేది కాదు. చెమటకు చొక్కా తడిసిపోయేది. అయినా ముట్టలేదు. ఆ నలభై ఒక్క రోజులూ ఊరంతా నన్ను స్వామీ అని పిలిచేది. మా ఆవిడా స్వామీ అనేది. పెద్ద పెద్ద రైతులు వంగి నా కాళ్ళకు దండం పెట్టేవాళ్ళు. ఎవరైనా తాగుబోతు అంటే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. తాగుబోతైతే నలభై ఒక్క రోజులు ఉండగలడా? మానాలనుకుంటే మానేవాణ్ణి, అనుకోలేదు, అంతే. ఈ వాదనకు ఎదురు చెప్పిన మగాడు మా చుట్టుపక్కల లేడు.

గురుస్వామి కోపం ఎందుకో నాకు తెలుసు. మాల తియ్యడానికి ఒక పద్ధతి ఉంది. కొండకు వెళ్ళి వచ్చాక గుళ్ళో గురుస్వామి తియ్యాలి, లేదంటే కన్నతల్లి తియ్యాలి. అంతకు ముందు ఏడాది నలభై ఒకటో రోజున మా బస్సు తిరిగొస్తూ నెల్లూరు దగ్గర టిఫినుకు ఆగింది. ఇంకో నాలుగు గంటల్లో ఊళ్ళో ఉంటాం. నాకు ఆ నాలుగు గంటలు ఎక్కువైపోయాయి. హోటలు వెనక చేతులు కడుక్కునే చోట మాల నేనే తీసి జేబులో కుక్కుకొని, రోడ్డు దాటి ఎదురుగా ఉన్న వైన్ షాపుకు వెళ్ళాను. తిరిగొచ్చేసరికి గురుస్వామి బస్సు మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నా జేబులోంచి వేలాడుతున్న మాల లాగి తన సంచిలో పెట్టుకున్నాడు. ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా దాచుకొని, చివరికి గుళ్ళో నా మొహాన కొట్టాడు.

మాల పడకపోతే నాకొచ్చిన నష్టం ఏమిటో చెప్పాలంటే మా షాపు సంగతి చెప్పాలి. నాది పురుగుమందుల షాపు. చిలకలూరిపేట నుంచి అటు ప్రకాశం జిల్లా వైపు పోతుంటే ఎటు చూసినా పత్తి, లేదంటే మిరప. ఈ రెండు పైర్లకూ పురుగు పట్టినంతగా ఇంకో పైరుకు పట్టదు కనుక నా వ్యాపారానికి ఎన్నడూ లోటు లేదు. తాగేవాడికి ఈ వ్యాపారంలో ఒక సుఖం కూడా ఉంది. షాపులో అడుగు పెట్టగానే మందుల ఘాటు ముక్కు బద్దలు కొడుతుంది. ఆ ఘాటులో నోటి వాసన ఎవడికీ తెలియదు. పొద్దున పదింటికి ఒక క్వార్టర్ పోసుకొని కౌంటర్లో కూర్చున్నా, ఎదురుగా నిలబడ్డ రైతు మూరెడు దూరంలో ఉండి కూడా పసిగట్టలేడు. పదిహేనేళ్ళు అలా నడిపాను. గొప్పగా చెప్పడం లేదు, దొరకలేదని చెబుతున్నాను.

దొరికింది ఆ నెల్లూరు బస్సు సీజన్లోనే. రెండెకరాలు కౌలుకు తీసుకొని మిరప వేసిన రైతొకడు, పూతలో తామర పురుగు పడిందని మందుకు వచ్చాడు. పురుగుమందు ఇవ్వాల్సిన చోట కలుపును చంపే గడ్డిమందు ఇచ్చాను. రెండూ ఒకే కంపెనీవి, ఒకే సైజు డబ్బాలు, పక్క పక్క అరల్లో ఉంటాయి. అతనికి చదువు రాదు. నన్ను నమ్మి తీసుకుపోయి, నీళ్ళలో కలిపి, చేనంతా కొట్టాడు. మూడో రోజుకల్లా ఆకు మాడి పూత రాలిపోయింది. నాలుగో రోజు వేళ్ళతో సహా పీకిన మొక్కలు నాలుగు, ఖాళీ డబ్బా తెచ్చి కౌంటర్ మీద పెట్టాడు. అరవలేదు. అరిస్తే నేనూ అరిచేవాణ్ణి.

మా ఆవిడ అప్పుడే భోజనం క్యారేజీ తెచ్చి ఇచ్చి వెళ్ళబోతోంది. ఆమె డిగ్రీ చదివింది. ఆ డబ్బా చేతిలోకి తీసుకొని చదివింది. తర్వాత నా వైపు చూసింది. ఇరవై రెండేళ్ళు నన్ను మీరు అన్న మనిషి ఆ రోజు, “నువ్వు లే. బయటికి నడు,” అంది.

“అదికాదు, డబ్బా మారిపోయింది...”

“మళ్ళీ ఈ కౌంటర్ లోపల అడుగు పెట్టావంటే షట్టర్ దించి, లైసెన్సు కాగితం తీసుకుపోయి వ్యవసాయాఫీసులో ఇచ్చేసి వస్తా. నవ్వులాటకు అంటన్నానని అనుకోమాక.”

రైతు కేసు పెట్టలేదు. మా ఆవిడ తన అన్నను వెంటబెట్టుకొని వాళ్ళింటికి వెళ్ళి చెయ్యగలిగింది చేసింది. అతను డబ్బు తీసుకున్నాడు. ఆ తర్వాత మా షాపు మెట్టెక్కలేదు.

అప్పట్నుంచి షాపు ఆమెది. బయట స్ప్రేయర్ పంపులు పేర్చిన చోట ప్లాస్టిక్ స్టూలు వేసుకొని నేను కూర్చునేవాణ్ణి. నా పేరుమీద లైసెన్సు గోడకు వేలాడుతుంటే, రైతులు నన్ను దాటుకొని లోపలికి వెళ్ళి, “అమ్మాయ్, ఆకుముడతకు ఏదన్నా ఇవ్వమ్మా,” అనేవాళ్ళు. నాకు తెలిసిన మందు ఆమెకు తెలియకపోతే ఫోనులో వెతికేది కానీ నన్ను అడిగేది కాదు. ఆ స్టూలు మీద నేను పడ్డ అవమానం ఇంతా అంతా కాదు. అందుకని ఇంకా తాగాను. ఎప్పుడు రానిస్తావని అడిగితే ఒకటే మాట: “కార్తీకం రానీ. మాల వేసుకో. నిన్ను నేను నమ్మేది ఆ నలభై రోజులే.”

అలా పది నెలలు కార్తీకం కోసం కాచుకొని కూర్చుంటే, టైలరు కాస్తా పక్కకు జరగమన్నాడు.

ఆ సాయంత్రం గురుస్వామే మా షాపుకు వచ్చాడు. నా వైపు చూడకుండా లోపలికి పోయి మా ఆవిడకు ఒక చీటీ ఇచ్చాడు. గుంటూరులో ప్రతి ఆదివారం తాగుడు మానుకున్నవాళ్ళంతా ఒకచోట కూర్చొని మాట్లాడుకుంటారట. చీటీ మీద బ్రాడీపేటలో ఒక లైను, ఒక అడ్డరోడ్డు, స్కూలు మేడ మీద అని రాసి ఉంది.

“మా అన్నకు ఈ చీటీ ఇద్దామని తెచ్చానమ్మా. నేను తెచ్చేసరికి ఆయన లేడు,” అన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆవిడ చీటీ తెచ్చి నా ఒళ్ళో పడేసింది. “మాల లేదన్నారుగా. అయితే ఇక్కడికి పో. కూర్చొని వచ్చావని తెలిస్తే అప్పుడు మాట్లాడుకుందాం కౌంటర్ సంగతి.”

ఆదివారం పొద్దున గుంటూరు బస్సెక్కాను. మానుకుందామని కాదు. ఒక గంట కూర్చొని, మొహం చూపించి, కౌంటర్ తిరిగి తెచ్చుకుందామని. బ్రాడీపేటలో దిగి చూస్తే ఆ లైనులో మూడు స్కూళ్ళున్నాయి. మూడింటికీ ఆదివారం తాళాలు. ఒక్కదానికీ బోర్డు లేదు, బాణం గుర్తు లేదు. తాగుడు మాన్పించేవాళ్ళు ఇంత దొంగతనంగా ఎందుకు కూర్చోవాలో అర్థం కాలేదు. తాగేవాళ్ళకు మాత్రం వీధి చివర నుంచే కనపడేలా బోర్డు పెడతారు. ఎండకు నెత్తి మాడుతుంటే మూల మీద టీ కొట్టు దగ్గర ఆగాను.

“ఇక్కడ మీటింగ్ ఎక్కడండీ?” అని అడిగాను.

“ఏం మీటింగండీ?” అన్నాడు కొట్టాయన, పాలు పైనుంచి కిందికి పోస్తూ.

కొట్టు ముందు నలుగురు నిలబడి ఉన్నారు. అందులో ఒకడు మా వైపు మనిషిలానే కనిపించాడు. నోట్లోంచి నిజం రాలేదు. “పురుగుమందుల డీలర్ల మీటింగు,” అన్నాను.

“ఓ, అదా! రెండు లైన్లవతల పెద్ద హోటల్లోనండీ. పొద్దుట్నుంచి కార్లు దిగతానే ఉన్నాయి.”

నా నోటికి వచ్చిన అబద్ధం నిజమై కూర్చుంది. వెళ్ళకుండా ఉండాల్సింది. కాళ్ళు అటే పోయాయి. హోటలు గేటుకు పచ్చటి మిరపచేను బొమ్మతో నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. కొత్త మందు విడుదల. ఈ మీటింగులు నాకు కొట్టిన పిండి. ముందు తెల్లచొక్కా ఆఫీసరు ఒకడు గంటసేపు పురుగు బొమ్మలు చూపిస్తాడు. తర్వాత పక్క హాలు తలుపు తెరుస్తారు, అక్కడ గ్లాసులు పేర్చి ఉంటాయి. డీలర్లంతా ఆఫీసరు మాట వింటున్నట్టు తలలూపుతూ ఆ తలుపు వైపే చూస్తుంటారు. నేనూ వెనక వరసలో కూర్చొని ఆ తలుపు చూశాను.

నేను లేచి వచ్చింది మంచితనం వల్ల అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మా ఏరియాకు తిరిగే కంపెనీ కుర్రాడు నన్ను చూసి నవ్వాడు. ఆ వెంటనే పక్కనున్న డీలరు చెవిలో, “ఆయనే. గడ్డిమందు,” అన్నాడు. ఆ డీలరు వెనక్కి తిరిగి నన్ను తేరిపార చూశాడు. ఇంకో ఇద్దరు కూడా తిరిగారు. జిల్లా మొత్తం నాకు కొత్త పేరు పెట్టుకుందని అప్పుడు తెలిసింది. కుర్చీ కాలితో తన్నేసి బయటికి వచ్చాను. ఆ తలుపు ఇంకో పది నిమిషాలు ముందు తెరిచి ఉంటే ఆ మాట నేను వినేవాణ్ణి కాదు, ఇది రాసేవాణ్ణీ కాదు.

తిరిగి టీ కొట్టు దగ్గరికే వచ్చాను. కోపం మీద ఉన్నాను కాబట్టి నోరు పెగిలింది. “తాగుబోతుల మీటింగెక్కడయ్యా?” అన్నాను, వీధంతా వినపడేలా.

కొట్టాయన కనురెప్ప కూడా కొట్టలేదు. “ముందే చెప్పొచ్చుగా! అదిగో, నీలం గేటు స్కూలు. పక్కనుంచి మెట్లున్నాయి, పైకెక్కండి. వాళ్ళకు టీలు పంపేది నేనే. చక్కెర మాత్రం దండిగా తాగతారండీ.”

మేడ మీద ఒకటో తరగతి గది. గోడకు అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా పదకొండు మంది పెద్ద మనుషులు కూర్చొని ఉన్నారు. వాళ్ళను చూడగానే నాకు ఒళ్ళు మండింది. వీళ్ళ పక్కన కూర్చోవడానికా నేను ఇస్త్రీ చొక్కా వేసుకొని వచ్చింది?

మధ్యలో కూర్చున్నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాడట. “రండి, కూర్చోండి,” అన్నాడు.

మావైపు మనిషి మనిషికి ఎదురైతే మొదట అడిగేది ఊరు, తర్వాత ఇంటిపేరు, ఆ తర్వాత ఎవరి తాలూకు అని. మూడు ప్రశ్నలకు మనిషి తాతతో సహా బయటపడతాడు. నేను అలవాటుగా పక్కనున్నాయన్ను, “మీదే ఊరండీ?” అన్నాను.

“ఇక్కడ ఊళ్ళూ పేర్లూ అడుక్కోం,” అన్నాడు కండక్టరు. “చెప్పదలిస్తే మీరెందుకు వచ్చారో చెప్పండి.”

సరే, చెబుదామని లేచాను. “నేను తాగుబోతును కాదు. ఆ సంగతి ముందే తెలుసుకోండి. తొమ్మిదేళ్ళుగా ప్రతి కార్తీకం మాల వేస్తున్నాను. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టను. ముట్టకుండా ఉండగలిగినవాణ్ణి తాగుబోతు అనరు. మా ఇంట్లో పోరు పడలేక వచ్చాను. ఒక గంట కూర్చొని పోతాను.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. కండక్టరు నవ్వలేదు. అందరివైపూ తిరిగి, “మాల వేసినోళ్ళు చేతులెత్తండి,” అన్నాడు.

పదకొండు మందిలో ఏడు చేతులు లేచాయి. అందులో ఆయన చెయ్యి కూడా ఉంది. “నేను పధ్నాలుగు సార్లు,” అన్నాడు. ఒక మూలనుంచి కాలిపోయిన బోరు మోటార్లకు వైరు చుట్టే ముస్లిం పెద్దాయన, “నాకు రంజాన్ నెలండీ. ముప్పై రోజులు పగలు మంచినీళ్ళు ముట్టేవాణ్ణి కాదు, రాత్రి ఇది ముట్టేవాణ్ణి కాదు. పండగ నాడు సేమ్యా తిని, నలుగుర్నీ కావలించుకొని, సాయంత్రానికి షాపు దగ్గర తేలేవాణ్ణి,” అన్నాడు. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయ బస్తాలు, అవే టిక్కీలు, మోసే అతను, “మాకు శ్రమదినాలు. నలభై రోజులు. ఈస్టరు తెల్లారగట్ట చర్చిలో పాటలు పాడి, పదింటికల్లా పడిపోయేవాణ్ణి,” అన్నాడు. దాంతో గది గదంతా పగలబడి నవ్వింది. బెంచీలు కొట్టుకుంటూ నవ్వారు.

నన్ను చూసి కాదట, తమను చూసుకొని నవ్వారట. తర్వాత చెప్పారు. ఆ క్షణాన నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. తొమ్మిదేళ్ళ దీక్ష, ఊరంతా పెట్టిన దండాలు, నేను నన్ను నిలబెట్టుకున్న ఒకే ఒక్క వాదన. దాన్ని ఈ పదకొండు మందీ టీ తాగినంత తేలిగ్గా తాగేశారు. మూడు మతాల వాళ్ళు కలిసి మరీ తాగేశారు.

నవ్వులు ఆగాక కండక్టరు అడిగాడు. “నలభై రోజులు సరేనయ్యా. అది మాకందరికీ వచ్చు. నలభై రెండో రోజు ఏం చేశావో చెప్పు.”

“నీకెందుకు?” అన్నాను.

“నాకేం అక్కర్లా. నువ్వు చెప్పుకోవాలని.”

“నీకు చెప్పాల్సిన అగత్యం నాకు లేదు,” అని, అప్పుడే టీ డబ్బాతో పైకి వస్తున్న కొట్టాయన్ను తోసుకుంటూ మెట్లు దిగి వచ్చేశాను. ఆ రోజు బస్సెక్కే ముందే తాగాను. కసిగా తాగాను. ఇంటికి పోతే మా ఆవిడ, “దొరికిందా మీటింగు?” అని అడిగింది. దొరికిందన్నాను. నా నడక చూసి లోపలికి పోయింది. మర్నాడు నా స్టూలు ఇంకో రెండడుగులు దూరంగా, మురుగుకాలవ పక్కకు జరిపి ఉంది.

వారమంతా ఆ కండక్టరు నా బుర్ర తిన్నాడు. నలభై రెండో రోజట. పధ్నాలుగు సార్లు మాల వేసి తాగినవాడు నన్ను అడుగుతాడా? వాడికి బుద్ధి చెప్పాలనుకున్నాను. రెండో ఆదివారం నేను గుంటూరు వెళ్ళింది కేవలం అందుకు. బస్సులో కూర్చొని ఏమేం అనాలో వరసగా పేర్చుకున్నాను. నీలం గేటు, మెట్లు, ఒకటో తరగతి. అందరూ ఉన్నారు. నేను కూర్చోలేదు.

“నలభై రెండో రోజు ఏం చేశానని అడిగావుగా, విను,” అని మొదలుపెట్టాను. అరుస్తున్నానని నాకు తెలుస్తూనే ఉంది. “పొద్దున పదింటికి కొట్టు తీశాను. ముందురోజు బస్సులో మొదలైంది ఇంకా దిగలేదు, మీద ఇంకో క్వార్టర్ పోశాను. అప్పటికే ఒక కౌలురైతు మెట్టు మీద కూర్చొని ఉన్నాడు. చేలో తామర పురుగు పడి నాలుగు రోజులైందట. పక్క షాపులో మందుంది. అయినా కొనలేదు. నాలుగు రోజులు ఆగాడు. ఎందుకు ఆగావయ్యా అంటే...”

అక్కడ మాట ఆగిపోయింది. తిట్టడానికి పేర్చుకున్నవన్నీ పోయాయి.

“ఎందుకు ఆగావయ్యా అంటే, స్వామి కొండకు పోయాడు, వచ్చాక స్వామి చేత్తో ఇప్పించుకుంటే మంచిదని ఆగానన్నాడు. మాల తీసేశానని చెప్పాను. తీసినా కొండెక్కిన చెయ్యేగా స్వామీ, మీ చేత్తో ఇవ్వండి అన్నాడు. రెండు చేతులూ చాచాడు. గడ్డిమందు ఇచ్చాను.”

ఈ సంగతి అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. గడ్డిమందు ఇచ్చానని జిల్లా అంతటికీ తెలుసు. అతను నా చేతికోసం కాచుకున్నాడని మాత్రం నాకూ అతనికీ తప్ప ఎవరికీ తెలియదు. మా ఆవిడకు కూడా తెలియదు. నేను ఏడ్చాను. ఎదుట అ అంటే అమ్మ బొమ్మ పెట్టుకొని, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు. ఓదారిస్తే కొట్టి ఉండేవాణ్ణేమో. టిక్కీలు మోసే అతను జరిగి బెంచీ మీద చోటిచ్చాడు. కూర్చున్నాను.

వెళ్ళేటప్పుడు కండక్టరు అన్నాడు. “నలభై ఒకటో రోజుదాకా ఎవడైనా మంచోడే. దానికి చప్పట్లు కొట్టం ఇక్కడ. నలభై రెండో రోజు పొద్దున నాకు ఫోన్ చెయ్యి.”

ఆ రోజు నుంచి ముట్టలేదు. ఈసారి నల్లబట్టలు లేవు, దండాలు లేవు, స్వామీ అన్నవాడు లేడు. చేతుల వణుకు మాత్రం అదే. ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు, చెప్పినా నమ్మరు. ఎదుటి వైన్ షాపు వాడు రెండో వారంలో, “ఏందన్నా, వంట్లో బాగాలేదా?” అని పలకరించాడు. ఆదివారాలు గుంటూరు పోయి ఆ చిన్న బెంచీ మీద కూర్చొని చక్కెర దండిగా వేసిన టీ తాగి వచ్చేవాణ్ణి. నాకు ఆ మనుషులు నచ్చారని చెప్పను. మోటార్ల పెద్దాయన చెప్పిందే చెబుతాడు, కండక్టరుకు పెద్దరికం ఎక్కువ. అయినా పోయేవాణ్ణి.

నలభై ఒకటో రోజున మా ఆవిడ కౌంటర్ పక్కన అడ్డంగా ఉండే చెక్క తానే పైకెత్తింది. ఆమె కూడా లెక్కపెట్టుకుంటోందని అప్పుడు తెలిసింది.

“రా లోపలికి,” అంది.

“రేపు వస్తా,” అన్నాను.

“ఏడాదిపాటు ఇందుకేగా ఏడ్చావు? ఇప్పుడేమైంది?”

“రేపు పిలువు. రేపు కూడా పిలవాలనిపిస్తే వస్తా.”

ఆమె చెక్కను దభీమని దించింది.

నలభై రెండో రోజు పొద్దున కండక్టరుకు ఫోన్ చేశాను. “తెల్లారిందా?” అన్నాడు. తెల్లారిందన్నాను. “పని చూసుకో,” అని పెట్టేశాడు. పదింటికి స్టూలు మీద కూర్చొని ఉంటే ఆ కౌలురైతు వచ్చాడు. ఏడాది తర్వాత మా మెట్టెక్కాడు. నన్ను చూడనట్టే లోపలికి పోయి, “తామర పురుగుకు మందు కావాలమ్మా. ఆ షాపులో అయిపోయిందన్నారు, లేకపోతే ఈ గడప తొక్కేవాణ్ణి కాదు,” అన్నాడు.

మా ఆవిడ అరలోంచి డబ్బా తీసింది. పేరు పైకి చదివింది. అతనికి ఇవ్వబోయి, ఆగి, నా వైపు చూసింది. అతనూ తిరిగి చూశాడు.

“వైన్ షాపు వైపే పోవడం లేదంటున్నారు, మానేశాడా?” అని ఆమెను అడిగాడు. నేను అక్కడే ఉన్నా నన్ను అడగలేదు.

“ఆయన్నే అడుగు,” అంది.

అతను వచ్చి నా చొక్కా పట్టుకొని లేపాడు. ఈడ్చుకుంటూ మెట్లు దింపి, రోడ్డు దాటించి, షాపు వాసన రాని చోటికి, బస్టాండు దాకా తీసుకుపోయాడు. బస్సు కోసం నిలబడ్డ జనం పక్కకు తప్పుకున్నారు. మిషను ముందు కూర్చున్న గురుస్వామి లేచి నిలబడ్డాడు.

“అక్కడైతే తెలవదు. ఇక్కడ ఊదు,” అన్నాడు.

ఊదాను. అతను మొహం నా మొహం దగ్గర పెట్టి వాసన చూశాడు. మళ్ళీ ఊదమన్నాడు. మళ్ళీ ఊదాను. మూడోసారి కూడా ఊదించాడు. నాకు కోపం రాలేదు. జీవితంలో కోపం రావాల్సిన చోట రాకపోవడం అదే మొదలు.

మా ఆవిడ డబ్బా పట్టుకొని రోడ్డు మీదికి వచ్చేసింది. అతను చొక్కా వదిలేశాడు.

“ఆయన చేతికియ్యమ్మా,” అన్నాడు. ఆమె డబ్బా నాకిచ్చింది. నేను దాని మీద రాసింది మొదటినుంచి చివరిదాకా పైకి చదివాను. ఏ పురుగుకో, ఎన్ని నీళ్ళకు ఎంతో, కొట్టాక ఎన్నాళ్ళు కాయ కొయ్యకూడదో, అంతా. బస్సు వచ్చి పోయింది, అతను కదలకుండా విన్నాడు. చదవడం అయ్యాక ఒక్క చెయ్యి చాచాడు. నేను రెండు చేతులతో ఇచ్చాను.

“ఈసారి చేను మాడితే మొక్కలు పీక్కురాను, కొడవలి పట్టుకొస్తా,” అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. “వారానికి రెండో తడవ కొట్టాల. మళ్ళీ వస్తా. అప్పుడు కూడా ఊదాల.”